గురువారం అమ్మగారు

పోయినవారం మన మెకానిక్ కోడల్ని కారు వెనక సీటు ముందున్న ఇరుకు సందులో, పాత దుప్పటి కింద వదిలేసి వచ్చాం. మనకి వారం గడిచింది గానీ పాపం ఆవిడకి గడిచింది ఇరవై నిమిషాలే. మోకాళ్ళు మాత్రం వారం రోజుల లెక్కన పీకుతున్నాయి.

ఆవిడ అక్కడ ఎందుకు దూరిందో కొత్తగా చేరినవాళ్ళకి నాలుగు ముక్కల్లో చెప్పేస్తాను. ఆ ఇంట్లో ఉన్నది ఒకటే కారు. అందరి కార్లలాగే దానికీ రోడ్డు మీద తిరిగే గేర్లు ఐదు, ఏళ్ళలో తిరిగే గేరు ఒకటి. ఎప్పుడో మూతపడ్డ కొట్లో మిక్సీ మూత కోసం పదేళ్ళు వెనక్కి వెళ్ళొచ్చేవాళ్ళు, అపార్టుమెంట్లు లేని కాలంలో పిల్లల్ని ఆడించుకొచ్చేవాళ్ళు, ఇదంతా యాభై ఏళ్ళుగా మామూలైపోయింది. వెళ్ళినచోట నేను ఫలానా అని చెప్పుకోకూడదు. ఏ ఏటి నుంచి వచ్చారని అవతలివాళ్ళు అడక్కూడదు. ఎన్నిసార్లు తిరిగినా జరిగింది జరిగినట్టే ఉంటుంది, దాన్ని ఏ బండీ మార్చలేదు. డ్రైవింగ్ పుస్తకం మొదటి పేజీలో ఉండేవి ఈ మూడు మాటలే.

అలాంటి కారు మీటరులో, మూడు గురువారాలుగా ఒక్కో గురువారానికి అరవై రెండేళ్ళు తిరిగినట్టు కనిపిస్తోంది. అంటే ముప్ఫై ఒకటి వెనక్కి, ముప్ఫై ఒకటి ముందుకి. చక్రాల పైన రేకులకి ఎర్రమట్టి అంటుకుని ఉంటోంది. ఊరంతా సిమెంటు రోడ్లు పరుచుకున్నాక ఎర్రమట్టి ఎక్కడిది? పొద్దున్నుంచి సాయంత్రం దాకా షెడ్డులో కార్ల కింద పడుకునే మనిషికి ఆ మాత్రం తెలియదా! తన భర్త వంతెన పని మీద నెల్లాళ్ళుగా వేరే ఊళ్ళో ఉన్నాడు. మామగారు నలభై ఏళ్ళు డ్రైవింగ్ మాస్టారుగా చేసినా, చూపు మందగించి ఎనిమిది నెలల క్రితమే లైసెన్సు వెనక్కిచ్చేశారు. ఇక అత్తగారంటారా, ఆవిడకి కారంటేనే హడల్. ఎక్కగానే కళ్ళు మూసుకుంటే దిగేదాకా తెరవదు. కాబట్టి ఇది బయటి దొంగ పని అని కోడలు తేల్చేసింది. షెడ్డుకి సెలవు పెట్టి, చేతిలో పెద్ద స్పానరు పట్టుకుని, గురువారం పొద్దున పదింటికి దుప్పటి కప్పుకుంది.

డ్రైవరు వైపు తలుపు తెరుచుకుంది.

ఎవరో ఎక్కి కూర్చున్నారు. సీటు ముందుకి జరిగింది. అంటే దొంగ పొట్టివాడు. అద్దం కదిపిన చప్పుడు. అప్పుడు గుప్పున వచ్చింది, మోకాలి నొప్పుల మందు వాసన. ఆ వాసన కోడలికి బాగా తెలుసు. రోజూ పడుకునేముందు ఆ మందు రాసేది తనే.

"బెల్టు పెట్టాను. అద్దం చూశాను. న్యూట్రల్లో ఉంది. చుట్టూ ఎవరూ లేరు," అంటోంది ముందు సీట్లోంచి గొంతు, ఎక్కం అప్పజెప్పినట్టుగా. "ఇంక పోనియ్యి తల్లీ."

కోడలి చేతిలో స్పానరు జారి పాదం మీద పడింది. నోరు గట్టిగా మూసుకుంది. అత్తయ్య!

కారు గేటు దాటింది. ఒక్క కుదుపు లేదు. మొదటి మలుపులో గేరు మార్చడం, రెండో మలుపులో వేగం తగ్గించి మళ్ళీ అందుకోవడం, అంతా వెన్న మీద కత్తి పెట్టినట్టు సాగిపోయింది. తన భర్త ఈ దారినే వెళ్తే మలుపుకొకసారి తల కిటికీకి కొట్టుకుంటుంది. కోడలు భయం మర్చిపోయి ఇంజను చప్పుడు వినసాగింది. క్లచ్ మీద అనవసరంగా కాలు పెట్టడం లేదు. ఎవరు నేర్పారో గానీ, నేర్పినవాడు మామూలోడు కాడు.

ఆ తర్వాత ఏళ్ళ గేరు పడింది. చెవులు మూసుకుపోయి తెరుచుకున్నాయి. కిటికీలోంచి వచ్చే వెలుగు రంగు మారింది. చక్రాల కింద సిమెంటు నునుపు పోయి గులకరాళ్ళు పటపటమన్నాయి. ఎర్రటి దుమ్ము లోపలికొచ్చి, దుప్పటి సందుల్లోంచి నేరుగా కోడలి ముక్కులో దూరింది.

తుమ్ము ఆపుకోవడం ఎవరి తరం?

కారు సరిగ్గా రోడ్డు వారకి వెళ్ళి ఆగింది. ఇంజను కూడా ఆగిపోకుండా, పద్ధతిగా. హ్యాండ్‌బ్రేక్ పడింది. అప్పుడుగానీ ముందు సీట్లోంచి మాట రాలేదు.

"ఎవరది?"

"నేనే అత్తయ్యా."

దుప్పటి తీసి లేచేసరికి, అత్తగారు అద్దంలోంచి చూస్తోంది. ముఖంలో భయమూ లేదు, సిగ్గూ లేదు. ముక్కు మీద కళ్ళజోడు సర్దుకుంది.

"బెల్టు పెట్టుకోకుండా కింద పడుకున్నావేంటే? సడన్ బ్రేకు వేస్తే ఏమయ్యేదానివి?"

"నన్నంటారేంటి? మీరు కారు నడుపుతున్నారు!"

"కనబడుతోందిగా."

"లైసెన్సు లేకుండా! ముప్ఫై ఒక్కేళ్ళు వెనక్కి! ఎక్కడైనా ఆపి కాగితాలడిగితే కారుకి ఏడాది పాటు తాళం వేసేస్తారు. ఉన్నది ఒక్క కారు. దొంగెవడో ఎత్తుకుపోతున్నాడని మూడు వారాలుగా నాకు కంటి మీద కునుకు లేదు. మిమ్మల్ని మొదటిరోజే అడిగాను, ఏమన్నారు? నాకేం తెలుసే, కారంటే నాకు కళ్ళు తిరుగుతాయి అన్నారు!"

"ఆ ఒక్కమాటా అబద్ధమే," అని ఒప్పుకుంది అత్తగారు. "మిగతావి నువ్వే ఊహించుకున్నావు. ముందుకొచ్చి కూర్చో. మెడ తిప్పి మాట్లాడితే నరం పడుతుంది నాకు."

కోడలు దిగి, ముందు తలుపు ధడాల్న వేసి, బెల్టు పెట్టుకుని మరీ కూర్చుంది. అత్తగారు స్టీరింగ్ మీద రెండు చేతులూ ఉంచి, ఎదురుగా రోడ్డుని చూస్తూ చెప్పడం మొదలెట్టింది.

"మీ మామయ్య ఎనిమిది నెలలుగా గడప దాటలేదు. నువ్వూ చూస్తున్నావుగా. కుర్చీలో కూర్చుని గాల్లో స్టీరింగ్ తిప్పుతుంటాడు. కొడుకు బండెక్కమంటే వాడికి బ్రేకెక్కడుందో తెలీదంటాడు. నువ్వు తీసుకెళ్తానంటే బాగుచెయ్యడం వేరు, నడపడం వేరు అంటాడు. ఊరందరికీ నేర్పినాయన, ఊళ్ళో ఎవరి పక్కనా కూర్చోలేకపోతున్నాడు. ఆయన వంక పెట్టలేనట్టు నడిపే మనిషి ఒకరు కావాలి. ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని సముద్రం దాకా తీసుకెళ్ళాలి. అందుకని నేనే నేర్చుకుందామనుకున్నాను."

"మన వీధి చివర డ్రైవింగ్ స్కూలుంది కదా అత్తయ్యా?"

"ఉంది. కానీ మీ మామయ్య అంత బాగా నేర్పేవాళ్ళు ఎక్కడున్నారే?"

"మరి ఆయన్నే అడక్కపోయారా?"

అత్తగారు నవ్వింది. "అడిగాను. ముప్ఫై నాలుగేళ్ళ క్రితం. ఒక్కరోజు నేర్పాడు. నేను కారు తీసుకెళ్ళి గోడకి గుద్దాను. నీ వల్ల కాదు, ఈ జన్మలో స్టీరింగ్ ముట్టుకోకు అని వీధంతా వినబడేలా అరిచాడు. ఆ తర్వాత నేను మళ్ళీ అడగలేదు, ఆయన మళ్ళీ ఎత్తలేదు. నాకు కారంటే భయమని అందరూ అనుకున్నారు. సరే, అలాగే అనుకోనీ అని కళ్ళు మూసుకుని కూర్చోవడం మొదలెట్టాను. కళ్ళు తెరిస్తే ఆయన గేర్లు మార్చడం చూస్తూ నేర్చేసుకుంటానేమోనని. అంత కోపం నాకు."

"మరి?"

"పెళ్ళానికి నేర్పేటప్పుడే ఆయనకి కోపం. బయటివాళ్ళకైతే ఎంత ఓపికో! అందుకే బయటిదాన్నై వెళ్ళాను. మొదటి రెండు నెలలూ ఏళ్ళ బస్సెక్కి వచ్చాను. చెయ్యి కుదిరాక మన కారు తెచ్చుకుంటున్నాను."

కోడలికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. మరుక్షణం అర్థమైంది. కోపంగా తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"అత్తయ్యా! మీరు... మామయ్య దగ్గరే..."

"నోరు మూసుకో, దుమ్ము పోతుంది. టైమైంది. ఆయనకి ఆలస్యమంటే పడదు," అని అత్తగారు హ్యాండ్‌బ్రేక్ దించింది.

గ్రౌండు ఊరి చివర ఉంది. ఒక పక్క నీళ్ళ ట్యాంకు, దాని చుట్టూ పిట్టగోడ. ఇంకోపక్క ఎర్రమట్టి గుట్ట, దాని మీదికి ఒక బండి పట్టే దారి. మధ్యలో డబ్బాలు వరసగా పేర్చి ఉన్నాయి. పైకప్పు మీద బోర్డున్న ఓ చిన్న కారు పక్కన నిలబడి, ఒకతను గుడ్డతో సీటు తుడుస్తున్నాడు.

కోడలు అతన్ని చూసి కిసుక్కున నవ్వబోయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒత్తైన నల్లటి జుట్టు, నల్లటి మీసం, ఇస్త్రీ చొక్కా. చెవులు మాత్రం అవే, దొప్పల్లాంటి చెవులు. తన భర్తకి మీసం పెట్టి ఆరేళ్ళు పెంచితే ఇలాగే ఉంటాడు. అంతకన్నా వింత ఆ ముఖంలో ఉన్న వినయం. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు సరిగ్గా పెట్టలేదని కేకలేసే మనిషి, ఇక్కడ చేతులు కట్టుకుని ఎదురొచ్చాడు.

"రండమ్మగారూ. ఇవాళ మీతో ఎవరో వచ్చారే?"

"మా కోడలు, మాస్టారూ. మెకానిక్. నేనెలా నడుపుతున్నానో చూస్తానంది."

"అయ్యో, అయితే పరీక్ష మీకు కాదు, నాకే!" అని అతను గలగలా నవ్వి, కోడలికి తన కారు వెనక తలుపు తీశాడు. "మీ అత్తగారి లాంటి శిష్యులు ఏడాదికి ఒకరు దొరికినా చాలమ్మా. ఒకసారి చెప్తే రెండోసారి చెప్పించుకోరు. కాకపోతే ఒకటే ఇబ్బంది. ముఖంలో అచ్చం మా అత్తగారి పోలికలు. నేర్పుతున్నంతసేపూ నాకు చెమటలే!"

అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చున్న అత్తగారు కిటికీ వైపుకి తిరిగి దగ్గింది. భుజాలు ఊగుతున్నాయి.

ఆ రోజు పాఠం గుట్ట. సగం ఎక్కాక కారు ఆపాలి. ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ ఎక్కించాలి. ఆ ఒక్కటీ వస్తే ఇంక నేర్చుకోవడానికేమీ లేదన్నాడు మాస్టారు. మొదటిసారి కారు నాలుగడుగులు వెనక్కి జారింది. కోడలు సీటు పట్టుకుంది. మాస్టారు మాత్రం తన కాలి దగ్గరున్న రెండో బ్రేకుని నెమ్మదిగా నొక్కి, "ఏం ఫరవాలేదు, కొండ మనకేమీ శత్రువు కాదు. మళ్ళీ వెళ్దాం," అన్నాడు. రెండోసారి ఇంజను ఆగిపోయింది. "క్లచ్‌ని వదలకండి, పంపించండి. అలిగిన పిల్లని బడికి పంపించినట్టు." మూడోసారి హ్యాండ్‌బ్రేక్ దిగింది, ఇంజను గొంతు ఒక్క క్షణం బరువెక్కింది, కారు ఒక్క అంగుళం కూడా వెనక్కి పోకుండా గుట్ట ఎక్కి కూర్చుంది.

పైనుంచి ఊరంతా కనిపించింది. పెంకుల కప్పులు, మేడలు పది కూడా లేవు, దూరంగా గీత గీసినట్టు సముద్రం.

"ఎక్కేశాను!" అని అరిచింది అరవై ఆరేళ్ళ అత్తగారు. స్టీరింగ్ మీద రెండు చేతులతోనూ దరువేసింది. మాస్టారు చప్పట్లు కొట్టాడు. వెనక కోడలు, తను కారు దొంగని పట్టుకోవడానికి వచ్చానన్న సంగతే మర్చిపోయి ఈల వేసింది. షెడ్డులో నేర్చుకున్న ఈల, గుట్ట కింద కుక్క ఒకటి ఉలిక్కిపడి లేచింది.

ఆ సందడిలో, ఏదో మాటవరసకి అడిగినట్టుగా అడిగింది అత్తగారు.

"మాస్టారూ, ఇంత బాగా నేర్పుతారు. మరి మీ ఇంట్లో ఆవిడకి నేర్పలేదా?"

అతని ముఖంలో నవ్వు ఆగింది. మీసం దువ్వుకున్నాడు. కిందికి చూశాడు.

"ఒకరోజు నేర్పానండీ. ఆ ఒక్కరోజే."

"రాలేదా ఆవిడకి?"

"తనకి రాకపోవడమేంటండీ, బాగానే నడిపింది. మలుపులో ఎవరో అడ్డమొస్తే తప్పించబోయి గోడకి తగిలించింది. రేకు కాస్త నొక్కుకుపోయిందంతే. కానీ అప్పుడు తను కడుపుతో ఉంది. పెళ్ళైన ఎనిమిదేళ్ళకి నిలిచిన కడుపు." అతను ఒళ్ళోని గుడ్డని మడత మీద మడత పెట్టాడు. "కడుపుతో ఉన్నదాన్ని స్టీరింగ్ దగ్గర కూర్చోబెట్టిన వెధవని నేను. ఆ చప్పుడు వినగానే నా కాళ్ళూ చేతులూ ఆడలేదు. ఏదైనా అయ్యుంటే? ఆ భయం నోట్లోంచి ఎలా వచ్చిందో తెలుసా అమ్మగారూ? తిట్టుగా వచ్చింది. నీ వల్ల కాదు అని అరిచాను. అరవాల్సింది నా మీద. అరిచింది తన మీద."

కోడలు అద్దంలో అత్తగారి ముఖం చూసింది. కళ్ళజోడు మీద మసక కమ్ముతోంది. ఆ చేతులు స్టీరింగ్‌ని వదల్లేదు.

"మరి ఆ సంగతి ఆవిడకి చెప్పారా?" అంది అత్తగారు. గొంతు కాస్త కూడా మారనివ్వలేదు.

"చెబుదామని ఎన్నిసార్లు అనుకున్నానో. ఎదురుగా నిలబడితే మాట రాదండీ. పరాయివాళ్ళతో ఎంతసేపైనా మాట్లాడతాను గానీ..."

"ఇవాళ వెళ్ళి చెప్పండి."

"ఇవాళా?"

"ఇవాళే. ఇంటికెళ్ళగానే. చెమట కూడా తుడుచుకోకుండా."

అతను బడిపిల్లాడిలా తలూపాడు. "ప్రయత్నిస్తానండీ," అన్నాడు.

గుట్ట దిగాక, తర్వాతి శిష్యుణ్ణి తీసుకురావడానికి మాస్టారు తన కారేసుకుని వెళ్ళిపోయాక, అత్తాకోడళ్ళిద్దరూ తమ కారుకి ఆనుకుని నిలబడ్డారు. అత్తగారు ఏడుస్తోందనుకుని కోడలు భుజం మీద చెయ్యి వేసింది. తీరా చూస్తే ఆవిడ నవ్వుతోంది. కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి, నవ్వుతూనే ఉంది.

"ఇవాళేనే అది! నాకిప్పుడు గుర్తొచ్చింది. ఒకరోజు సాయంత్రం ఒళ్ళంతా ఎర్ర దుమ్ముతో సరాసరి వంటింట్లోకి వచ్చాడు. వంటింటి గడప తొక్కడం ఆయన జీవితంలో అదొక్కసారే. మా శిష్యురాలు ఒకావిడ ఇవాళ గుట్ట ఎక్కించేసింది అన్నాడు. నేను ఊఁ అన్నాను. నోరు తెరిచాడు, మూశాడు, మళ్ళీ తెరిచాడు. ఆఖరికి ఏమన్నాడో తెలుసా?"

"ఏమన్నారు?"

"ఉప్పెక్కడుంది అన్నాడు! డబ్బా చేతికిస్తే అది పట్టుకుని పావుగంట నిలబడి వెళ్ళిపోయాడు. నేను మనిషికి ఎండదెబ్బ తగిలిందనుకున్నాను." ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "నా కోసం ఉప్పు డబ్బా పట్టుకుని పావుగంట నిలబడ్డాడే అమ్మాయ్! ముప్ఫై నాలుగేళ్ళు ఆ తిట్టు మోశాను. ఇవాళ దించేశాను. పద, ఇంటికెళ్ళి ఆ ముసలాయన్ని బండెక్కిద్దాం."

కోడలు అత్తగారిని గట్టిగా కావలించుకుంది. లైసెన్సు పరీక్షకి సోమవారమే తీసుకెళ్తానంది. అప్పటిదాకా బండి తనే నడుపుతానని తాళం అడిగింది. తాళం కారులోనే ఉంది.

అప్పుడు నీళ్ళ ట్యాంకు పిట్టగోడ వెనక నుంచి ఒకావిడ బయటికొచ్చింది. ముప్ఫై ఐదేళ్ళుంటాయి. చంకలో రెండేళ్ళ పిల్లాడు, ముక్కు కారుతోంది, చెవులు దొప్పల్లా ఉన్నాయి. ఆవిడ గ్రౌండుకి అడ్డంగా, ఎవరితోనో తేల్చుకోవడానికి వస్తున్నట్టు విసవిసా నడిచొచ్చి ఇద్దరి ముందూ నిలబడింది. కోడలు ఆ ముఖం చూసింది, పక్కనున్న అత్తగారి ముఖం చూసింది. రెండూ ఒకటే ముఖం.

"గురువారం గురువారం వచ్చే అమ్మగారు మీరేనా?" అందావిడ. "నేను మాస్టారి భార్యని. మూడు వారాలుగా ఆ గోడ వెనక నుంచి చూస్తున్నాను. ఈ వయసులో మీరు ఆ గుట్ట ఎక్కించేశారు. ఆయనకి తెలియకూడదు గానీ, నాకూ నేర్పాలి మీరు. ఇప్పుడే. ఆయన తిరిగొచ్చేలోపు."

జవాబు కోసం కూడా ఆగలేదు. పిల్లాణ్ణి కోడలి చేతుల్లో పెట్టి, వాళ్ళ కారు డ్రైవరు సీట్లో ఎక్కి కూర్చుని తలుపు వేసుకుంది. పిల్లాడు కోడలి ముక్కు పట్టుకుని కిలకిలా నవ్వాడు. తన భర్తని మొదటిసారి ఎత్తుకున్న ఆనందంలో కోడలికి ఇంకేమీ తోచలేదు.

అత్తగారి వేళ్ళు కోడలి మణికట్టుని గట్టిగా బిగించాయి.

"అమ్మాయ్," అంది అత్తగారు. "ఆ వయసులో నేనీ గ్రౌండుకి ఎప్పుడూ రాలేదు. ఏ గురువారం అమ్మగారితోనూ, అదే, ఇప్పటి నాతో, ఎప్పుడూ మాట్లాడలేదు. ఇది జరగలేదే!"

కారు లోపల తాళం తిరిగింది. ఇంజను మొదటి పిలుపుకే పలికింది.